ఆక్సలాటల్ పిల్లలకు బతికున్న మేత: నీళ్లు చెడకుండా ఎలా వేయాలి?

ఆక్సలాటల్ అంటే జీవితమంతా నీళ్లలోనే ఉండే, మొప్పలు బయటికి కనిపించే ఒక రకం సాలమాండర్. వీటిని పెంచేవాళ్లు ప్రతి చలికాలం నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "గుడ్లలోంచి పిల్లలు బాగానే వచ్చాయి. మూడో రోజు నుంచి ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పొదిగించే, చుక్కంత రొయ్యలాంటి జీవి) వేస్తున్నాం. తెల్లారేసరికి నీళ్లు పాలలా అవుతున్నాయి, పిల్లలు అడుగున పడి చనిపోతున్నాయి. ఏం చేయాలి?" నల్లగొండలో ఎదురుపడి అడిగేవాళ్లున్నారు, మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసేవాళ్లున్నారు, మహబూబ్‌నగర్ నుంచి ఫొటోలు పంపేవాళ్లున్నారు. ఆ ఫొటోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. డబ్బా అడుగున లేత నారింజ రంగులో ఒక పొర కనిపిస్తుంది. అది పిల్లల మలం కాదు, తినకుండా మిగిలి చచ్చిన ఆర్టీమియా.

ఒక సెంటీమీటరు పిల్ల పగలంతా విసర్జించేది చాలా తక్కువ. నీళ్లను చెడగొట్టేది మిగిలిన మేతే. అందుకే ఈ పద్ధతి మొత్తం మేత చుట్టూనే తిరుగుతుంది: ఎంత వేయాలి, ఎప్పుడు తీసేయాలి, మార్చడానికి నీళ్లు సిద్ధంగా ఉన్నాయా.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆక్సలాటల్ మెక్సికో నగరం పక్కనున్న షోచిమిల్కో కాలువల జీవి. అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న సైటిస్ జాబితాలో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవుల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పుట్టిన పిల్లల వివరాలు కూడా ఇవ్వాలి. పిల్లలు ఎక్కువైపోయాయని చెరువులోనో కుంటలోనో మాత్రం ఎప్పుడూ వదలకండి.

కావలసినవి

- తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, 2 నుంచి 5 లీటర్లవి. ఉన్న పిల్లలకు ఎన్ని కావాలో దానికి రెట్టింపు సంఖ్యలో పెట్టుకోండి. తెలుపు ఎందుకంటే అడుగున మిగిలిన మేత వెంటనే కనబడుతుంది.
- మెడికల్ షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా. దాని మూతికి జానెడు ఎయిర్ పైపు ముక్క తొడగండి. రోజంతా మీ చేతిలో ఉండే పనిముట్టు ఇదే.
- మూత ఉన్న బకెట్లు రెండు, పిల్లల పనికి తప్ప ఇంకెందుకూ వాడనివి. సబ్బు తగిలిన బకెట్ వద్దు.
- ఆర్టీమియా గుడ్లు, దొడ్డుప్పు, లీటరు ప్లాస్టిక్ సీసా, చిన్న ఎయిర్ పంపు. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ పంపు ఒకటి ఉంటే మంచిది.
- నేత దగ్గరగా ఉన్న పాత కాటన్ దస్తీ. మామూలు చాయ్ జాలిలోంచి ఆర్టీమియా జారిపోతుంది. జాలి మీద దస్తీ పరిస్తే ఆగుతుంది.
- థర్మామీటరు, క్లోరిన్ తీసే మందు, అమ్మోనియా (మేత, మలం కుళ్లితే నీళ్లలో చేరే విషం) చూసే డ్రాప్ టెస్ట్ కిట్.
- మూతున్న థర్మాకోల్ పెట్టె, నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన అర లీటరు సీసాలు నాలుగు.

ఆర్టీమియా గుడ్లు కొనేటప్పుడు ప్యాకెట్ మీద రాసింది పూర్తిగా చదవండి. పెంకు తీసేసి ఎండబెట్టినవి కూడా అదే పేరుతో అమ్ముతారు. అవి పొదగవు, కదలవు. చిన్న ఆక్సలాటల్ కదిలేదాన్నే నోట కరుస్తుంది కాబట్టి ఆ గుడ్లన్నీ అడుగున పడి కుళ్లిపోతాయి. నీళ్లు చెడిపోతున్నాయని అడిగినవాళ్లలో కొందరి దగ్గర అసలు సమస్య ఈ ప్యాకెట్టే.

మన దగ్గరి నీళ్ల సంగతి

దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. బయటివాళ్లు ఇచ్చే సలహాలు మన నీళ్లకు సరిగ్గా అతకవు.

మిషన్ భగీరథ (ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చే తాగునీరు) నల్లా నీళ్లు: కృష్ణా నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. నా వరకు పిల్లలకు ఇవే అన్నింటికంటే మంచివి, కానీ నేరుగా వాడకూడదు. బకెట్‌లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా ఉంచండి. లేదా సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ మందును సీసా మీద రాసిన మోతాదులో వేయండి. నేను రెండూ చేస్తాను. కలబంద రసం కలిపిన మందులు చేపలకు ఫర్వాలేదేమో కానీ వీటికి వద్దు.

బోరు నీళ్లు: ఆక్సలాటల్‌కు కాస్త గట్టి నీళ్లంటే ఇబ్బంది లేదు. పీహెచ్ 7.4, 7.6 దగ్గర బాగుంటుంది. కానీ మన బోర్లలో కొన్నిచోట్ల 8 దాటుతుంది. పీహెచ్ పెరిగినకొద్దీ, నీళ్లు వెచ్చబడినకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషంగా మారుతుంది. పీహెచ్ 7 ఉన్న ఊళ్లో ఒక పూట మేత మిగిలినా నడిచిపోవచ్చు, మన దగ్గర నడవదు. ఇక ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిన బోరైతే నేను అసలు ముట్టుకోను. మర్రిగూడ, నాంపల్లి వైపు ఉన్నవాళ్లు నల్లా నీళ్లకే వెళ్లండి.

పటిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తీసిన నీళ్లు: ఈ పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. మనుషుల కోసం చేసిన ఏర్పాటు అది. బ్లీచింగ్ జాడ, పటిక జాడ మిగిలే వీలుంది కాబట్టి పిల్లల డబ్బాలో పోయకండి.

ఆర్‌ఓ క్యాన్ నీళ్లు: అందరూ "ఇవి శుభ్రమైనవి కదా" అని ఇవే పోస్తారు. లవణాలు చాలావరకు తీసేసిన నీళ్లలో ఈ పిల్లలు నిలదొక్కుకోవు. ఒక్కటిగా వాడకండి. బోరు నీళ్లు మరీ గట్టిగా ఉంటే సగం బోరు, సగం ఆర్‌ఓ కలుపుకోవచ్చు. దీనికి తప్ప ఆర్‌ఓ నీళ్లతో పని లేదు.

వేడి: పిల్లలకు 16 నుంచి 20 డిగ్రీలు కావాలి. 24 దాటితే ప్రమాదం. డిసెంబర్, జనవరిలో మన దగ్గర రాత్రిళ్లు దీనికి అనుకూలంగానే ఉంటాయి. మధ్యాహ్నం మాత్రం గదిలోనే నీళ్లు వెచ్చబడతాయి, కాబట్టి డబ్బాలను థర్మాకోల్ పెట్టెలో ఉంచి, వాటి మధ్య ఐస్ సీసా పెట్టండి. సీసాను పిల్లలున్న నీళ్లలో ముంచకండి. ఏసీ గది గానీ చిల్లర్ గానీ లేకపోతే మార్చి తర్వాత గుడ్లు పెట్టించే ఆలోచన మానుకోండి. ఏప్రిల్, మేలో మన ఎండలకు ఐస్ సీసాలు ఆగవు. మధ్యలో కరెంటు పోతే పిల్లలన్నీ ఒక్క పూటలో పోతాయి.

చేసే పద్ధతి

1. రేపటి నీళ్లు ఈ రోజే పట్టండి.

ఇదొక్కటి అలవాటైతే సగం టెన్షన్ పోతుంది. పొద్దున డబ్బాల నీళ్లు మార్చగానే ఖాళీ అయిన బకెట్‌ను మళ్లీ నింపి, క్లోరిన్ మందు వేసి, మూతపెట్టి పిల్లలున్న గదిలోనే పెట్టండి. రేపటికి రెండు నీళ్లూ ఒకే చల్లదనంలో ఉంటాయి. తేడా 2 డిగ్రీలకు మించకూడదు. మేడ మీద ట్యాంకులోంచి మధ్యాహ్నం పట్టిన నీళ్లు అప్పటికప్పుడు పోస్తే క్లోరిన్ లేకపోయినా ఆ వేడికే పిల్లలు తల్లడిల్లుతాయి. రెండో బకెట్ ఎప్పుడూ నిండుగా ఉండాలి, అది అత్యవసరానికి.

2. ఆర్టీమియాను పిల్లలు అడిగే రోజుకు సిద్ధం చేయండి.

గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల సుమారు 10 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు పొట్టలోని పచ్చసొనతోనే బతుకుతుంది. ఆ రోజుల్లో మేత వేస్తే వేసిందంతా వృథాయే, నీళ్లు చెడటం అక్కడే మొదలవుతుంది. పిల్ల తన ముందు కదిలే ఆర్టీమియాను చూసి తల విదిలిస్తే ఆకలి మొదలైందని అర్థం.

లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల దొడ్డుప్పు కరిగించండి. సీసాను తలకిందులుగా కట్టి, అడుగు కోసి, ఎయిర్ పైపు మూతి దాకా దించి గట్టిగా గాలి కొట్టించండి. 26 నుంచి 28 డిగ్రీల వేడి, పైన లైటు ఉంటే 24 గంటల్లో పొదుగుతాయి, చలి ఉంటే 36 గంటలు పట్టవచ్చు. పిల్లలకు చల్లని గది, ఆర్టీమియాకు వెచ్చని చోటు. నేను సీసాను వంటగదిలో గట్టు మీద పెడతాను, చలికాలంలో పక్కన ఒక బల్బు వెలిగిస్తాను.

యాభై పిల్లలకు మొదటి వారం రోజుకు పావు టీస్పూన్ గుడ్లు చాలు. నిన్నటి సీసా అయిపోకముందే ఈ రోజు రెండోది మొదలుపెట్టండి. పొదిగిన ఆర్టీమియా గంటలు గడిచేకొద్దీ తనలోని సత్తువను తానే తినేస్తుంది, కాబట్టి తాజాగా పొదిగినదే వేయాలి. గుడ్ల ప్యాకెట్ తడి తగలకుండా గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉండాలి.

3. పెంకులు వేరు చేసి, కడిగి వేయండి.

ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగనివి అడుగుకు చేరతాయి. ఆర్టీమియా వెలుతురు వైపు వెళుతుంది. సీసా మధ్యలో ఒక పక్కన టార్చ్ పెడితే అక్కడికి నారింజ రంగు మబ్బులా చేరతాయి. సిరంజితో ఆ మబ్బునే లాగండి. పైదీ కిందదీ ఆశపడి లాగకండి. పెంకులు పిల్లల పేగుల్లో అడ్డుపడతాయి, తినకుండా మిగిలినవి నీళ్లను చెడగొడతాయి.

లాగినదాన్ని దస్తీలో వడపోసి, క్లోరిన్ లేని మంచినీళ్లు రెండు సార్లు పోసి కడగండి. ఉప్పునీళ్లు, ఆ సీసాలో పుట్టిన మురికి అంతా పోతుంది. తర్వాత దస్తీని చిన్న గ్లాసు మంచినీళ్లలో ముంచి దులపండి. ఇప్పుడు మీ గ్లాసులో మేత మాత్రమే ఉంది.

4. చుక్కల లెక్కన వేయండి.

గ్లాసులోంచి సిరంజితో తీసి ఒక్కో డబ్బాకు కొన్ని చుక్కలే వేసి ఆగండి. ప్రతి పిల్ల చుట్టూ ఒక పదిహేను ఇరవై ఆర్టీమియా కదులుతూ కనిపిస్తే చాలు. అయిదు నిమిషాల్లో అన్నీ తినేస్తే ఇంకొన్ని వేయండి. పూటకు ఒకేసారి కుమ్మరించే కంటే రోజుకు మూడు సార్లు తక్కువ తక్కువగా వేయడం మేలు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదిలోపు. పడుకునే ముందు వేయకండి.

పడుకునే ముందు వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మొదటి ఏడాది ఒక రాత్రి పెళ్లికి వెళ్లి ఆలస్యంగా వచ్చి, పిల్లలు ఆకలితో ఉంటాయని సీసాలోది సగానికి పైగా కడగకుండానే పోసి పడుకున్నాను. తెల్లారి మూత తీస్తే వాసన. నలభైలో ముప్ఫై ఒకటి పోయాయి. ఆ రాత్రి వాటిని ఆకలితో ఉంచి ఉంటే ఒక్కటీ పోయేది కాదు.

ఆర్టీమియా ఉప్పునీటి జీవి. మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది. చచ్చాక చాలా వేగంగా కుళ్లుతుంది. అందుకే తర్వాతి మెట్టు.

5. గంటన్నరలోపు మిగిలింది తీసేయండి.

డబ్బా ఒక మూలకు టార్చ్ వెలుతురు పెట్టండి. బతికున్న ఆర్టీమియా ఆ మూలకు చేరుతుంది, సిరంజితో లాగేయండి. తర్వాత అడుగున ఉన్న మలం, చచ్చిన మేత చుక్కచుక్కగా పీల్చండి. లాగిన నీళ్లు నేరుగా పారబోయకండి, ముందు తెల్ల పళ్లెంలో పోసి చూడండి. పైపులోకి పిల్ల ఒకటి వచ్చి ఉండొచ్చు. పోయినన్ని నీళ్లు బకెట్‌లోంచి అంచు మీదుగా మెల్లగా పోయండి.

ఇది రోజుకు మూడు సార్లు, ఒక్కో డబ్బాకు రెండు నిమిషాలు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మేత మానేసి పొద్దున, సాయంత్రం వేయండి. వేసి, తీయడానికి మనిషి లేకుండా పోవడం కంటే ఒక పూట వేయకపోవడమే మంచిది.

6. రోజుకోసారి డబ్బానే మార్చండి.

మొదటి మూడు నాలుగు వారాలు నీళ్లు పూర్తిగా మార్చాల్సిందే. కడిగి ఆరిన రెండో డబ్బాలో బకెట్ నీళ్లు పోయండి. ప్లాస్టిక్ గరిటెతో పిల్లను నీళ్లతో సహా తీసి అందులో దించండి. వలతో పట్టకండి, మొప్పల పోగులు చిక్కుకుంటాయి. పాత డబ్బాను వేడి నీళ్లు, దొడ్డుప్పుతో తోమి, ఎండలో బోర్లించండి. మన ఎండ ఈ ఒక్క పనికి బాగా సాయపడుతుంది. విమ్ బార్ గానీ లిక్విడ్ గానీ తాకించకండి.

ఈ వయసులో ఫిల్టర్ వద్దు. మేతను లాగేసుకుంటుంది, పిల్లలను ఒరగదోస్తుంది. నీటి ప్రవాహం ఎక్కువైతే మొప్పలు ముందుకు ముడుచుకుంటాయి, అది ఇబ్బందికి గుర్తు.

7. విడదీయండి.

ముందు కాళ్లు వచ్చేసరికి పక్కదాన్ని కొరకడం మొదలవుతుంది. 5 లీటర్ల డబ్బాలో పది కంటే ఎక్కువ ఉంచకండి, పెద్దవీ చిన్నవీ కలపకండి. ఓపిక ఉన్నవాళ్లు ఒక్కోదాన్ని ఒక్కో అర లీటరు డబ్బాలో పెంచుతారు. కాలు తెగినా మళ్లీ వస్తుంది, కానీ తెగిన ముక్క నీళ్లలో ఉంటే బూజు పడుతుంది. కనబడగానే తీసేయండి.

సరిగ్గా చేస్తున్నామా అని ఎలా తెలుసుకోవాలి?

పొట్ట చూడండి. ఈ వయసులో పొట్ట పారదర్శకంగా ఉంటుంది, తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో గుండ్రంగా కనిపిస్తుంది. పిల్లలన్నింటికీ నారింజ పొట్ట ఉండి, నీళ్లలో ఇంకా ఆర్టీమియా తిరుగుతోందంటే మేత ఎక్కువ వేస్తున్నారు. కొన్నింటికి మాత్రమే ఉంటే మేత పెంచకండి, తిననివాటిని వేరే డబ్బాలోకి తీసి అక్కడ వేయండి.

డబ్బా పక్క నుంచి టార్చ్ వేయండి. వెలుతురు గీత సన్నగా స్పష్టంగా ఉంటే నీళ్లు బాగున్నాయి. గీత పొగలా కనిపిస్తే బ్యాక్టీరియా పెరుగుతోంది, మామూలుగా చూస్తే ఇంకా తెలియకపోవచ్చు.

వాసన చూడండి. నీళ్లకు ఏ వాసనా ఉండకూడదు. కొద్దిగా చేపల వాసన వచ్చినా ఆగకుండా మార్చండి.

డ్రాప్ టెస్ట్ నీళ్లు మార్చిన వెంటనే చేస్తే ఉపయోగం లేదు. మార్చే ముందు చేయండి, అప్పుడే ఆ రోజంతా ఎంత చేరిందో తెలుస్తుంది. సాధారణంగా దొరికే కిట్‌లో పసుపు రంగు వస్తే అమ్మోనియా లేదు, ఆకుపచ్చకు తిరిగితే ఉంది. 0.25 పీపీఎం వచ్చినా రోజుకు రెండు సార్లు మార్చడానికి మారండి, మేత మూడో వంతు తగ్గించండి. ఒక మాట గుర్తుంచుకోండి: భగీరథ నీళ్లను, బోరు నీళ్లను కూడా ఒకసారి విడిగా పరీక్షించాలి. మీ నీళ్లలోనే అమ్మోనియా ఉంటే తప్పు మేతది కాదు.

డబ్బా గోడకు అంటుకుని దారం కొసల్లాంటి చేతులు ఊపే చిన్న జీవులు కనిపిస్తే అవి హైడ్రాలు. మేత మిగులుతోందనడానికి అదే సాక్ష్యం. డబ్బా మార్చి, పాతదాన్ని మరిగే నీళ్లతో కడగండి.

రాత్రికి రాత్రి నీళ్లు పాలలా మారితే

మందులు వెతకకండి. చేపలకు వాడే నీలం మందు (మిథిలీన్ బ్లూ) పోయకండి. రెండో బకెట్ నిండుగా ఉంది కదా, కొత్త డబ్బాలో ఆ నీళ్లు పోసి పిల్లలను దించండి. పన్నెండు గంటలు మేత బంద్. ఆ తర్వాత సగం మోతాదుతో మొదలుపెట్టండి. పాత నీళ్లలో సగం ఉంచి సగం మార్చడం ఇక్కడ పనిచేయదు, అమ్మోనియా కూడా సగం మిగిలిపోతుంది.

ఆర్టీమియా కుదరకపోతే

డాఫ్నియా (వాటర్ ఫ్లీ అనే నలుసంత జీవి) అన్నింటికంటే మంచి ప్రత్యామ్నాయం. ఇది మంచినీటి జీవి, తినకుండా మిగిలినా డబ్బాలో బతికే ఉంటుంది, నీళ్లలోని బ్యాక్టీరియానే తింటుంది. ఎండ తగిలే చోట పెద్ద టబ్బులో నీళ్లు పచ్చబడనిచ్చి అందులో పెంచవచ్చు. చిన్నవాటిని చాయ్ జాలితో వేరు చేసి వేయండి, పెద్దవి ఈ పిల్లల నోటికి పట్టవు. కుంటలోంచి నేరుగా పట్టి తెచ్చినవి వద్దు. పత్తి చేలు, వరి మడుల మందు నీళ్లు ఆ కుంటల్లోకే చేరతాయి. వాటితో పాటు తూనీగ పిల్లలు, జలగలు వస్తే అవి మీ పిల్లలనే తింటాయి. కుంట డాఫ్నియాను తల్లి విత్తనంగా తెచ్చి, రెండు మూడు వారాలు ఇంట్లో పెంచాక వచ్చిన సంతతిని వాడండి.

మైక్రోవార్మ్స్ అనే సన్నటి తెల్ల పురుగులు రెండు మూడు రోజులు గడపడానికి పనికొస్తాయి. సత్తువ తక్కువ, అడుగుకు చేరి అక్కడే మిగులుతాయి.

మురికి కాలువల్లో పట్టే ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) ఎంత కడిగినా పిల్లలకు వద్దు. దోమ పిల్లలు వేసేవాళ్లు ఉన్నారు. మొదటి వారాల్లో నోటికి పట్టవు, మిగిలినవి రెక్కలొచ్చి ఇంట్లోనే తిరుగుతాయి. డెంగీ ఉన్న చోట నేను ఆ పని చేయను.

వెనక కాళ్లు వచ్చాక

రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటి వెనక కాళ్లు కనబడగానే చిన్నగా తరిగిన వానపాము ముక్కను చిమటాతో పట్టి ముందు కదిపి చూడండి. మూడు నాలుగు రోజులు వద్దంటుంది, తర్వాత అందుకుంటుంది. వర్మీకంపోస్టులో పెంచే ఎర్ర వానపాములను చాలావరకు ఉమ్మేస్తాయి, చేదుగా ఉంటాయి. మందు కొట్టని తోటలో తవ్విన మట్టిరంగు వానపాము మేలు. ముక్క ఉమ్మేస్తే వెంటనే తీసేయాలి. ఆర్టీమియా కంటే ఒక్క వానపాము ముక్క నీళ్లను ఇంకా త్వరగా చెడగొడుతుంది. పిల్లలన్నీ చిమటా నుంచి అందుకునేదాకా ఆర్టీమియా సీసా ఆపకండి. అందుకున్నాక రోజుకు ఒక పూట ఆర్టీమియా తగ్గించుకుంటూ రండి.